వరాహగిరి వేంకటగిరి

గంజాము సీమలోని బరంపురము నేడు ఒడిశా రాష్ట్రములో ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దినములలో అది మద్రాసు రాజధానికి చెందిన పట్టణము. తెలుగు, ఒరియా భాషలు రెండును ఆ వీధులలో వినబడుచుండెడివి. ఆ ఊర న్యాయవాదిగా పేరు గడించిన వరాహగిరి వేంకట జోగయ్య పంతులుగారికి, సుభద్రమ్మగారికి 1894 ఆగస్టు 10వ తేదీన వేంకటగిరిగారు జన్మించిరి. జోగయ్య పంతులుగారు తరువాతి కాలమున స్వరాజ్య పక్షమున చేరి కేంద్ర శాసనసభలో సభ్యులైరి. సుభద్రమ్మగారు గృహిణిగా నుండియు జాతీయోద్యమమున పాల్గొని అరెస్టయిన ధైర్యశాలి. అట్టి యింట పుట్టిన బాలునికి రాజకీయములు పుస్తకములలో చదివి తెలిసికొనవలసిన విషయములు కావు.

బరంపురములోని కళ్లికోట కళాశాలలో చదువు ముగించుకొని గిరిగారు 1913లో న్యాయశాస్త్రము నభ్యసించుటకై ఓడ యెక్కిరి. ఆ దినములలో మన దేశపు విద్యార్థులు సాధారణముగా లండను నగరమునకు పోవుచుండిరి. గిరిగారు చేరినది మాత్రము ఐర్లండు దేశములోని డబ్లిను నగరము. ఐర్లండు కూడ ఆంగ్లేయుల పాలనలో నలుగుచున్న దేశమే. ఆయన వెళ్లిన సంవత్సరముననే డబ్లినులో గొప్ప కార్మిక పోరాటము చెలరేగెను. రవాణా కార్మికుల సంఘములో చేరబోమని సంతకము చేసినగాని పనిలోనికి రానీయమని యజమానులు పట్టుపట్టిరి. సుమారు 20,000 మంది కార్మికులు పనులు కోల్పోయి నెలల తరబడి పస్తులుండిరి. చివరకు ఆకలికి తాళలేక వారు పనులలోనికి తిరిగి వెళ్లిరి. సంఘము పెట్టుకొనుట యనెడి యొక్క హక్కు కొరకు మనుష్యులు ఇంతటి బాధ పడుదురని గిరిగారు మొదట తెలిసికొన్నది అచ్చటనే. ఆ కార్మికులకు నాయకత్వము వహించిన వారిలో జేమ్స్ కానలీ యొకరు. ఐరిష్ స్వాతంత్ర్య యోధుల భావములు గిరిగారి మనస్సున గాఢముగా నాటుకొనెను.

1914లో లండను నగరమున గాంధీజీ దర్శనము లభించినది. 1916 ఏప్రిలులో డబ్లిను పురవీధులలో స్వాతంత్ర్య వీరులు తిరుగుబాటు జెండా నెత్తిరి. ప్రభుత్వము దానిని కఠినముగా నణచివైచెను. కానలీని, విశ్వవిద్యాలయములో ఆంగ్ల సాహిత్యము బోధించిన థామస్ మెక్‌డొనా అను అధ్యాపకుని కాల్చి చంపిరి. తిరుగుబాటుదారులతో సంబంధము కలదను అనుమానముపై జూలై 1వ తేదీలోగా దేశము విడిచి పోవలెనని గిరిగారికి ఉత్తరువు వచ్చెను. అప్పటికి ఆయన వయస్సు 22 సంవత్సరములు కూడ నిండలేదు.

స్వదేశము చేరి బరంపురములో న్యాయవాద వృత్తి నారంభించిరి. అనిబిసెంటు నడపిన హోంరూలు ఉద్యమమున పనిచేసిరి. 1920లో గాంధీజీ సహాయ నిరాకరణమునకు పిలుపునీయగా, బాగుగా సాగుచున్న వృత్తిని విడిచిపెట్టిరి. కల్లు, సారా దుకాణముల యెదుట ప్రదర్శనలు జరిపినందులకు 1922లో చెరసాలకు పోయిరి.

అయినను గిరిగారి జీవితమునకు దారి చూపినది రైలుమార్గము. బెంగాలు నాగపురము రైల్వే కంపెనీ వారి ముఖ్య కర్మాగారము ఖరగ్‌పూరులో ఉండెను. ఆ మార్గము హౌరా నుండి బరంపురము మీదుగా వాల్తేరు వరకు వచ్చును. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వేలాది తెలుగువారు పొట్ట చేతబట్టుకొని ఖరగ్‌పూరు చేరి, కొలిమి పనులలోను, ఇంజను మరమ్మతులలోను కుదిరిరి. వారికి గిరిగారు తమ ఊరివాడు, తమ భాషవాడు. ఆయన వారి సంఘమును బలపరచి, అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్య స్థాపనలో ప్రముఖ పాత్ర వహించి, దానికి దీర్ఘకాలము ప్రధాన కార్యదర్శిగా నుండిరి. 1927-28 సంవత్సరములలో కంపెనీవారు ఖరగ్‌పూరులో పనివారిని పెద్దయెత్తున తొలగింప నారంభింపగా, హింసకు తావీయక గిరిగారు నడపిన పోరాటము దేశమంతటి దృష్టి నాకర్షించెను. కంపెనీ దిగివచ్చి ఒడంబడికకు వచ్చెను. ఆకలిగొన్న వేలమందిని వారముల తరబడి కట్టడిలో నుంచుట ఉపన్యాసములు చెప్పినంత తేలిక గాదు.

కార్మికోద్యమములోను పక్షములుండెను. 1926లో గిరిగారు అఖిల భారత ట్రేడు యూనియను కాంగ్రెసునకు అధ్యక్షులైరి. 1929లో నాగపురపు మహాసభలో ఆ సంస్థ రెండుగా చీలెను. ప్రభుత్వము నియమించిన కార్మిక కమిషనును బహిష్కరింపవలెనని ఒక పక్షము, కార్మికుల కష్టములు దానికి చెప్పుకొనవలెనని మరియొక పక్షము వాదించెను. ఎన్.ఎం. జోషిగారితోపాటు గిరిగారు రెండవ పక్షమువారు. ఈ చీలిక తొమ్మిది సంవత్సరములు సాగినది. 1938లో తిరిగి కలియుటకు ఆధారమైన సూచనలు గిరిగారు రూపొందించినవే. రాజకీయ విషయములను, సమ్మెలను నాలుగింట మూడు వంతుల సభ్యులు అంగీకరించిననే నిశ్చయింపవలెనన్నది వానిలో ముఖ్యమైనది. చీలినవారిని కలుపుటలో ఆయనకు గల నేర్పు ఇందు కనబడును.

ఇంక ఆంధ్రదేశము గిరిగారిని ఎన్నటికిని మరువకుండ చేసిన ఎన్నికల ముచ్చట చెప్పవలెను.

1935 రాజ్యాంగ చట్టము ప్రకారము రాష్ట్రములలో శాసనసభలకు ఎన్నికలు జరిగి, గెలిచిన పక్షము మంత్రివర్గము నేర్పరచుటకు ఏర్పాటయ్యెను. అందరికిని ఓటు లేదు. పన్ను కట్టువారికి, ఆస్తిపాస్తులు గలవారికి, కొంత చదువుకొన్నవారికి మాత్రమే ఆ హక్కు. బ్రిటిషు ఇండియా అంతటను కలిపి మూడు కోట్లకు పైబడిన జనులు ఓటర్లయిరి. నేటి పద్ధతితో పోల్చిన అది స్వల్పమే గాని, అంతకుముందున్న దానికంటె ఎన్నియో రెట్లు అధికము. చిన్న కమతపు రైతు కూడ ఓటుపెట్టె దగ్గరకు రాగలిగెను.

మద్రాసు రాజధానిలో 1920నుండి చాలకాలము అధికారము చలాయించినది జస్టిసు పార్టీ. బ్రాహ్మణేతరులకు విద్యలోను, ఉద్యోగములలోను న్యాయము జరుగవలెనని పుట్టిన పక్షమది. ఆ కోరికలో సత్యమున్నది. అది చేసిన మేలును కాదనరాదు. కాని కాలక్రమమున జమీందారులు దానిని తమ చేతిలోనికి తీసికొనిరి. 1932లో ముఖ్యమంత్రి మునుస్వామినాయుడుగారిని దింపి బొబ్బిలి రాజా శ్రీ రామకృష్ణ రంగారావుగారు ఆ పదవి నధిష్ఠించిరి. పార్టీలో కలహములు పెచ్చు పెరిగెను. పిఠాపురము రాజావారు విడివడి 1936లో ప్రజాపార్టీ యను పేర వేరు కుంపటి పెట్టుకొనిరి. కాంగ్రెసుతో పోరవలసిన సమయమున జమీందారులు తమలో తాము పోరుచుండిరి.

1937 ఫిబ్రవరిలో ఎన్నికలు వచ్చెను. బొబ్బిలి నియోజకవర్గమున ముఖ్యమంత్రియగు రాజావారే నిలిచిరి. ఆయన కెదురుగా కాంగ్రెసు గిరిగారిని నిలిపెను. బొబ్బిలి పేరు వినగనే తెలుగువారికి 1757నాటి యుద్ధము, తాండ్ర పాపారాయుడు స్ఫురింతురు. ఆ వంశపు ప్రతిష్ఠ సామాన్యమైనది గాదు. రాజావారు కేవలము అభ్యర్థి గారు. ఆ నేలకు ప్రభువు, శిస్తు పుచ్చుకొనువాడు, రాష్ట్రమునకు ముఖ్యమంత్రి. అక్కడి రైతు బీడులో పశువును మేపుకొనవలెనన్నను, చెరువు నీరు పెట్టుకొనవలెనన్నను ఠాణేదారు మాట కాదని బ్రతుకజాలడు. అటువంటివాడు ప్రభువు నెదుట తలవంచి, పెట్టెలో మాత్రము వేరొకరికి ఓటు వేయవలెను. ఇది సాధ్యమని చాలమంది నమ్మలేదు.

అక్షరజ్ఞానము లేని ఓటర్ల సౌకర్యార్థము నాడు అభ్యర్థులకు రంగు పెట్టెలుండెను. కాంగ్రెసువారిది పసుపుపచ్చని పెట్టె. తెలుగింట పసుపు శుభమునకు గురుతు గదా! ప్రచారకులు ఈ మాటను ఊరూర చాటిరి. పాదచారులై పల్లెలు తిరిగి, తెర చాటున ఓటు ఎవరికి వేసినది మూడవ కంటికి తెలియదని రైతులకు నచ్చజెప్పిరి. ఈ యొక్క విషయము బోధపరచుట మిగిలిన ఉపన్యాసములన్నిటికంటె ముఖ్యమైనదై యుండును. రహస్యపు ఓటు లేనిచో జమీందారీ గ్రామమున ఎన్నిక యనునది ఉత్త తతంగము.

ఓట్లు లెక్కింపగా ముఖ్యమంత్రి ఓడిపోయిరి. రైలు కార్మికుల నాయకుడు గెలిచెను. రాష్ట్రమంతటను కాంగ్రెసు 215 స్థానములలో 159 గెలుచుకొనెను. పదునేడు సంవత్సరములలో అధిక భాగము ఏలిన జస్టిసు పార్టీ ఆ దెబ్బనుండి మరల కోలుకొనలేదు.

గవర్నర్లు దైనందిన పాలనలో జోక్యము చేసికొనరను హామీ కొరకు కాంగ్రెసు కొంతకాలము పదవులు స్వీకరింపలేదు. 1937 జూలైలో రాజాజీ ముఖ్యమంత్రియైరి. ప్రకాశము పంతులుగారు రెవిన్యూ మంత్రి, గిరిగారు కార్మిక, పరిశ్రమల మంత్రి. జమీందారీ రైతుల బాధలను విచారించుటకు ప్రకాశముగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము బొబ్బిలివంటి సీమల రైతులకు గొప్ప ఆశ కల్పించెను. గిరిగారు యజమానులకు, పనివారికి నడుమ రాజీలు కుదుర్చుటలో కాలము గడపిరి. 1939లో ప్రజాప్రతినిధుల నడుగకయే వైస్రాయి మన దేశమును యుద్ధములోనికి దింపగా, మంత్రివర్గము రాజీనామా చేసెను.

ఇదే కాలమున గోదావరికి ఈవలనున్న నైజాము రాజ్యములో స్థితి వేరు. కొత్తగూడెము, బెల్లంపల్లి ప్రాంతముల బొగ్గుగనులలో వేలమంది చీకటిలో శ్రమించుచుండిరి. రామగుండము, గోదావరిఖని గనులు అప్పటికి తెరువబడలేదు. బొబ్బిలి రైతుకు దక్కిన ఓటు ఈ గని కార్మికునికి లేదు. 1938లో హైదరాబాదు స్టేటు కాంగ్రెసును ప్రభుత్వము నిషేధించెను. 1946లో ఆ నిషేధము తొలగినది గాని, నైజాము ప్రకటించిన సంస్కరణలు ప్రజల కధికార మీయజాలవని ఆ సంస్థ ఎన్నికలను బహిష్కరించెను. వయోజనులందరికి ఓటుగల ఎన్నికలను గనుల సీమ చూచుటకు 1952 సంవత్సరము రావలసివచ్చెను.

యుద్ధకాలమున గిరిగారు రెండు పర్యాయములు చెరసాల కేగిరి. వ్యక్తి సత్యాగ్రహమున 15 నెలలు. క్విట్ ఇండియా ఉద్యమమున వేలూరు, అమరావతి జైళ్లలో సుమారు మూడు సంవత్సరములు.

1946లో మరల ఎన్నికలు జరుగగా కాంగ్రెసు మరల గెలిచెను. ఈసారి ఎదుటి పక్షము బలహీనము. కలహము ఇంటిలోనికి వచ్చెను. ముఖ్యమంత్రి యెవరన్న ప్రశ్నపై కాంగ్రెసువారు వర్గములుగా చీలిరి. రాజాజీ కావలెనని ఢిల్లీ పెద్దలు తలచిరి. క్విట్ ఇండియా ఉద్యమమున ఆయన దూరముగా నుండెనని సభ్యులలో అధికులు అంగీకరింపలేదు. కామరాజుగారి వర్గము ముత్తురంగ మొదలియారుగారిని నిలిపెను. 82 ఓట్లతో ప్రకాశముగారు గెలిచిరి. మొదలియారుగారికి 69 వచ్చెను. ఏప్రిలు 30వ తేదీన ఏర్పడిన ప్రకాశముగారి మంత్రివర్గమున గిరిగారు తిరిగి కార్మిక మంత్రియైరి.

ఆ మంత్రిత్వము పూలపాన్పు గాదు. 1946 ఆగస్టులో దక్షిణ ఇండియా రైల్వే కార్మికులు సమ్మె చేసిరి. సెప్టెంబరు 5వ తేదీన తిరుచిరాపల్లి చెంతనున్న పొన్మలైలో మలబారు పోలీసు దళము కార్మికులపై కాల్పులు జరుపగా కొందరు ప్రాణములు కోల్పోయిరి. రైల్వేలు కేంద్రము క్రిందివి. పోలీసు రాష్ట్రము క్రిందిది. రైల్వే కార్మికులలో పెరిగి పెద్దవాడైన నాయకుడు మంత్రిగా నున్నప్పుడే రైల్వే కార్మికులపై తుపాకి పేలెను. గిరిగారి చరిత్ర వ్రాయువారు దీనిని దాటిపోవుట న్యాయము గాదు. 1947 జనవరిలో ఆ ప్రభుత్వమే ఆర్డినెన్సు జారీచేసి కమ్యూనిస్టులను పలువురను నిర్బంధించెను. మార్చి నెలలో సొంత పార్టీ సభ్యులే ప్రకాశముగారిని దింపి ఓమందూరు రామస్వామి రెడ్డియారుగారి నెన్నుకొనిరి. స్వాతంత్ర్యము వచ్చుటకు అయిదు నెలలు మాత్రమే మిగిలియుండెను. పరాయి పాలన తొలగిపోవకమునుపే పదవుల పోరు ఎంత ముదిరినదో దీనివలన తెలియును.

స్వాతంత్ర్యానంతరము గిరిగారు సింహళములో మన హైకమిషనరుగా పనిచేసి, 1952లో పాతపట్టణము నుండి లోకసభకు ఎన్నికై నెహ్రూగారి మంత్రివర్గమున కార్మికశాఖ వహించిరి. అప్పుడాయన యొక కొత్త మార్గము సూచించిరి. ప్రతి తగవును ప్రభుత్వపు న్యాయస్థానమునకు నెట్టుటకంటె, బలమైన కార్మిక సంఘము యజమానితో సమానముగా కూర్చుండి మాట్లాడుకొనుట మేలని ఆయన వాదము. దీనికి గిరి విధానమని పేరు వచ్చెను. ప్రభుత్వములోని ఇతరులు దీనిని అంతగా ఆమోదింపలేదు. 1953లో వచ్చిన చట్ట సవరణ మాత్రము నిలిచినది. కర్మాగారములలోను, గనులలోను పని లేదని కార్మికుని కూర్చుండబెట్టినచో సగము జీతము ఈయవలెను. తొలగించినచో చేసిన యేటికి 15 దినముల జీతము చొప్పున పరిహార మీయవలెను. చివర చేరినవానిని ముందు తొలగింపవలెను. ఖరగ్‌పూరులో గిరిగారు పాతికేండ్లనాడు పోరాడిన విషయము ఇదియే.

1954లో బ్యాంకు ఉద్యోగుల జీతములపై న్యాయమండలి యిచ్చిన తీర్పును ప్రభుత్వము తగ్గించి సవరించెను. అట్లు సవరించుట తగదని గిరిగారు పదవికి రాజీనామా చేసిరి. పదవి దొరకుట కష్టము, వదలుట మరింత కష్టము. ఆయన మాత్రము వదలిరి.

ఎన్నికలు గిరిగారికి ఇంకొక పాఠము చెప్పెను. 1957లో పార్వతీపురమునుండి లోకసభకు పోటీచేసిరి. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గము. ఒక స్థానము గిరిజనులకు కేటాయింపబడినది. గిరిజన అభ్యర్థులిరువురు అధికముగా ఓట్లు సంపాదించుటచే రెండు స్థానములును వారికే దక్కెను. రెండవ స్థానము పొందిన డిప్పల సూరిదొరగారి చేతిలో గిరిగారు కొన్నివందల ఓట్ల తేడాతో ఓడిరి. కేటాయించిన స్థానమునకు నిలిచినవాడు సాధారణ స్థానమును గెలువవచ్చునా యని వివాదము సుప్రీంకోర్టు వరకు పోయెను. గెలువవచ్చునని 1959లో న్యాయమూర్తులలో అధికులు తీర్పు చెప్పిరి. రాజును ఓడించిన నాయకుని, ఇరువది యేండ్ల పిదప, మన్యపు బిడ్డ యొకడు అదే ఓటుతో ఓడించెను.

అటుపిమ్మట ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రములకు గవర్నరుగాను, 1967లో ఉపరాష్ట్రపతిగాను ఉండిరి. 1969లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేనుగారు మరణింపగా తాత్కాలికముగా ఆ బాధ్యత వహించి, పిదప ఆ పదవిని వదలి స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేసిరి. కాంగ్రెసు అభ్యర్థి నీలం సంజీవరెడ్డిగారు కూడ తెలుగువారే. ఇందిరాగాంధీగారు సభ్యులను మనస్సాక్షి ననుసరించి ఓటు వేయుమనుటతో కాంగ్రెసు రెండు చీలికలగుటకు అదియొక కారణమయ్యెను. మొదటి లెక్కలో ఎవరికిని చాలినన్ని ఓట్లు రాలేదు. రెండవ ప్రాధాన్య ఓట్లు కూడ లెక్కింపగా గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 వచ్చెను. 1974 మేలో దేశమంతట రైల్వే కార్మికులు సమ్మె చేయగా ప్రభుత్వము వేలాదిమందిని చెరలో బెట్టెను. అప్పుడు రాష్ట్రపతి భవనమున నున్నది ఒకనాటి రైల్వే సమాఖ్య కార్యదర్శియే. ఆగస్టులో పదవీకాలము ముగిసెను. 1975లో భారతరత్న బిరుదము లభించినది. 1980 జూన్ నెలలో మద్రాసులో గిరిగారు కన్నుమూసిరి.

సింగరేణి గనులలో చాలకాలము లెక్కకు మిక్కిలి సంఘములుండి, ఎవరితో మాట్లాడవలెనో తేలక తరచు సమ్మెలు జరుగుచుండెను. 1998లో తొలిసారిగా గుర్తింపు సంఘమును కార్మికులే రహస్యపు ఓటుతో ఎన్నుకొనిరి. నాటి రంగు పెట్టెలవలెనే ఈ ఎన్నికలలో సంఘములకు గుర్తులుండును. పోలింగు నాడు గోదావరిఖనిలో షిఫ్టు దిగి వచ్చిన కార్మికులు వరుసలో నిలబడి, తెర చాటునకు పోయి, తమకు నచ్చిన గుర్తుపై ముద్ర వేసి వత్తురు.